లేఖనాలు ఎలా పుట్టాయి, దైవావేశం అంటే ఏమిటి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలన్నీ సికింద్రాబాద్‌లో మా సంఘం యువజన కూటాల్లో, ఆఫీసు క్యాంటీన్‌లో, పాతబస్తీ స్నేహితుల ఇళ్లలో నన్ను అడిగినవే. హైదరాబాద్‌లో క్రైస్తవుడి ఇంటికి ఒకపక్క ఖురాన్ చదివేవాళ్లు, మరోపక్క వేదపారాయణం చేయించేవాళ్లు ఉంటారు. "మరి మీ గ్రంథం ఎలా వచ్చింది?" అని వాళ్లు అడగడం సహజం. జవాబు చెప్పలేక మాట దాటేయడం మాత్రం మనకు తగదు. నేను బైబిలును దేవుని వాక్యమని నమ్మేవాణ్ణి, ఆ నమ్మకంతోనే రాస్తున్నాను. చరిత్ర విషయం వచ్చినచోట చరిత్రకారులు ఒప్పుకునేదే రాశాను. వచనాలు మన ఇళ్లలో ఉండే పాత అనువాదంలోవి.

బైబిలు ఒక పుస్తకమా, చాలా పుస్తకాలా?

చాలా పుస్తకాలు. ప్రొటెస్టెంట్ల బైబిల్లో 66 ఉంటాయి, పాత నిబంధనలో 39, క్రొత్త నిబంధనలో 27. పాత నిబంధన దాదాపుగా హెబ్రీ భాషలో ఉంది. దానియేలు, ఎజ్రా గ్రంథాల్లో కొన్ని అధ్యాయాలు, యిర్మీయాలో ఒక వచనం అరామిక్‌లో ఉన్నాయి. క్రొత్త నిబంధన అంతా గ్రీకు. అధ్యాయాలు, వచనాల అంకెలు మూలంలో లేవు. ఇప్పుడు వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దం తొలినాళ్లలో స్టీఫెన్ లాంగ్టన్ చేసినదంటారు. క్రొత్త నిబంధనకు వచనాల అంకెలు వేసినది 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు.

దేవుడు చెబుతూ ఉంటే మనుషులు డిక్టేషన్ రాసుకున్నారా?

నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. మిగతా ప్రశ్నల్లో సగం దీని జవాబులోంచే తేలిపోతాయి కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

మన చుట్టూ ఉన్నవాళ్లకు గ్రంథం గురించి రెండు బలమైన ఊహలు ఉన్నాయి. వేదం అపౌరుషేయం, అంటే ఏ మనిషీ రచించినది కాదు, ఋషులు దాన్ని దర్శించారంతే అని హిందూ సంప్రదాయంలో చాలామంది నమ్ముతారు. ఖురాన్ అరబ్బీలో మాటకు మాటగా దిగివచ్చిందని ముస్లిములు నమ్ముతారు. ఈ రెండింటి మధ్య పెరిగిన మనం బైబిలు కూడా అలాగే వచ్చి ఉండాలి, లేకపోతే దాని విలువ తగ్గిపోతుంది అనుకుంటాం. బైబిలు తన గురించి చెప్పుకునే తీరు వేరు.

"దైవావేశమువలన కలిగిన ప్రతిలేఖనము" అని 2 తిమోతి 3:16లో అపొస్తలుడైన పౌలు అంటాడు. "మనుష్యులు పరిశుద్ధాత్మవలన ప్రేరేపింపబడినవారై దేవుని మూలముగ పలికిరి" అని 2 పేతురు 1:21 అంటుంది. పలికింది మనుషులే, పలికించింది దేవుడే. ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటి వదిలేసినా లెక్క తప్పుతుంది.

దేవుడు మాటలు చెప్పి రాయించిన సందర్భాలు బైబిల్లో లేకపోలేదు. పది ఆజ్ఞలు అలాంటివి, ప్రవక్తల నోట "యెహోవా సెలవిచ్చునదేమనగా" అని మొదలయ్యే మాటలు అలాంటివి. కానీ గ్రంథమంతా అలా లేదు. లూకా తన సువార్త మొదట్లోనే ఎలా రాశాడో చెప్పేశాడు. "ఆరంభమునుండి కన్నులార చూచి వాక్యసేవకులైనవారు" అప్పగించినవాటిని తాను మొదటి నుంచీ తరచి తెలుసుకుని వరసగా రాస్తున్నానన్నాడు. అంటే మనుషులను కలిశాడు, అడిగాడు, పోల్చి చూసుకున్నాడు. ఆ శ్రమలో పరిశుద్ధాత్ముడు లేడని ఎవరనగలరు?

పౌలు రోమీయులకు రాసిన పత్రిక, అంటే ఉత్తరం, చివర ఇంకొకతను తలెత్తుతాడు. "ఈ పత్రిక వ్రాసిన తెర్తియు అను నేను ప్రభువునందు మీకు వందనములు చేయుచున్నాను." పౌలు చెబుతూ ఉంటే కలం పట్టినవాడు ఇతను. ఆ పదహారు అధ్యాయాలూ అతని చేతిమీదుగా వచ్చాయి. 1 కొరింథీయుల మొదటి అధ్యాయంలో పౌలు తాను కొరింథులో ఎవరెవరికి బాప్తిస్మమిచ్చాడో గుర్తు చేసుకుంటూ, స్తెఫను ఇంటివాళ్లకు కూడా ఇచ్చాను, ఇంకెవరికైనా ఇచ్చానేమో తెలియదు అంటాడు. ఆకాశం నుంచి ఊడిపడిన పుస్తకంలో ఇలాంటి వాక్యం ఉండదు. 2 తిమోతి చివరలో చెరసాలలోంచి, త్రోయలో కర్పు దగ్గర వదిలేసి వచ్చిన అంగీని, పుస్తకాలను, ముఖ్యంగా చర్మపు కాగితాలను తెచ్చిపెట్టమని అడుగుతాడు. చలికాలం రాకముందే రమ్మంటాడు. దైవావేశం గురించి గొప్ప మాట ఉన్న పత్రికలోనే, తర్వాతి అధ్యాయంలోనే ఈ అంగీ ఉంది. మనుషుల చేతులు కనిపించడం ఈ గ్రంథానికి లోటు కాదని నేను గట్టిగా నమ్ముతాను. దేవుడు ఎంచుకున్న పద్ధతే అది. వాక్యమే శరీరధారి అయ్యిందని నమ్మేవాళ్లం, ఆ వాక్యం మనుషుల సిరాలో మనుషుల జ్ఞాపకంలో రావడం చూసి ఎందుకు తడబడాలి?

బోనాలప్పుడు రంగం చెప్పినట్టు ప్రవక్తల ఒంటిమీదికి వచ్చేదా?

సికింద్రాబాద్‌లో ఉంటూ ఈ ప్రశ్న రాకుండా ఉండదు. ఉజ్జయిని మహంకాళి గుడిలో జరిగే భవిష్యవాణిని ఏటా టీవీలో చూస్తూనే ఉంటాం. ఎదుటివాళ్ల విశ్వాసాన్ని కించపరచకుండా తేడా మాత్రం చెబుతాను.

బైబిల్లోనూ తన్మయత్వం ఉంది. సౌలు ప్రవక్తల గుంపులో కలిసి ప్రకటించాడు. యెహెజ్కేలు దర్శనాలు చూశాడు. యోహాను పత్మాసు ద్వీపంలో "ఆత్మ వశుడనై" ఉన్నానన్నాడు. కానీ లేఖనాలు రాయడానికి అదే మామూలు పద్ధతి కాదు. "ప్రవక్తల ఆత్మలు ప్రవక్తల స్వాధీనములో ఉన్నవి" అని 1 కొరింథీయులు 14:32 చెబుతుంది. మనిషి తన స్పృహను పోగొట్టుకోలేదు. అందుకే ఆమోసు మాటల్లో పశువుల కాపరి కనిపిస్తాడు, పౌలు మాటల్లో ధర్మశాస్త్రం చదువుకున్నవాడు కనిపిస్తాడు. యిర్మీయా అయితే దేవుడితో పోట్లాడతాడు, ఇక ఆయన పేరు ఎత్తను అంటాడు, మళ్లీ ఎత్తకుండా ఉండలేకపోతాడు.

పాత నిబంధన ఎవరు రాశారు? మోషే రాసినదాంట్లో మోషే చావు ఎలా ఉంది?

ద్వితీయోపదేశకాండము 34లో మోషే మరణం, సమాధి ఉన్నాయి. ఆదికాండము 36:31లో ఇశ్రాయేలీయులను ఏ రాజూ పాలించకముందు ఎదోములో ఏలిన రాజుల జాబితా ఉంది, అంటే ఆ వాక్యం రాసినవాడికి ఇశ్రాయేలులో రాజులు ఉండేవాళ్లని తెలుసు. మోషే నుంచి వచ్చినదాన్ని తర్వాతివాళ్లు భద్రపరిచి, అక్కడక్కడ వివరం చేర్చి అందించారని సంప్రదాయవాదులు కూడా ఒప్పుకుంటారు. 19వ శతాబ్దంలో జర్మన్ పండితుడు జూలియస్ వెల్‌హౌజన్ అయితే మొదటి ఐదు గ్రంథాలు వేర్వేరు కాలాల నాలుగు మూలాల నుంచి కూర్చినవని వాదించాడు. ఆ వాదం తర్వాత చాలా మార్పులకు గురైంది. విశ్వాసుల్లో దాన్ని కొంతవరకు ఒప్పుకునేవాళ్లూ ఉన్నారు, పూర్తిగా కాదనేవాళ్లూ ఉన్నారు.

నాకు ముఖ్యంగా తోచేది వేరే ఉంది. ఒక గ్రంథం పెరగడం, మళ్లీ రాయబడటం బైబిలు దాచిపెట్టే సంగతి కాదు. సామెతలు 25:1 చూడండి, సొలొమోను సామెతలను యూదా రాజైన హిజ్కియా సేవకులు ఎత్తి రాశారట. ఇద్దరి మధ్య రెండు వందల ఏళ్లకు పైగా ఎడం ఉంది.

ఇక యిర్మీయా 36వ అధ్యాయం. బైబిలు పుట్టుకను కళ్లతో చూడాలంటే నేను ఎవరికైనా ఈ అధ్యాయమే చదవమంటాను. ప్రవక్త నోటితో చెప్పాడు, బారూకు గ్రంథపు చుట్టలో సిరాతో రాశాడు. ఆ చుట్ట రాజు యెహోయాకీము దగ్గరికి చేరింది. చలికాలం, ఎదురుగా కుంపటి రగులుతోంది. యెహూది అనేవాడు మూడు నాలుగు నిలువు వరసలు చదవగానే రాజు చాకుతో ఆ భాగం కోసి కుంపట్లో పడేశాడు. మళ్లీ చదవడం, మళ్లీ కోయడం. చుట్టంతా కాలిపోయేదాకా అలాగే చేశాడు. యిర్మీయా ఇంకో చుట్ట తీసుకున్నాడు, బారూకు మొత్తం తిరిగి రాశాడు. చివర్లో ఒక మాట ఉంది, అలాంటి మాటలు ఇంకా అనేకం దానికి కలిపారని. రెండో ప్రతి మొదటిదానికంటే పెద్దది. మనకు అందినది ఆ రెండోదే.

యేసు స్వయంగా ఏమీ రాయలేదా?

రాయలేదు. ఆయన రాసినట్టు కనిపించే ఒకే ఒక్క చోటు యోహాను 8, అదీ నేలమీద వేలితో. ఆయన తనకంటే ముందున్న లేఖనాలను దేవుని మాటగా తీసుకున్నాడు. లూకా 24:44లో మోషే ధర్మశాస్త్రం, ప్రవక్తల గ్రంథాలు, కీర్తనలు అని మూడు భాగాలను ప్రస్తావించాడు. తన మాటలను మాత్రం మనుషులకు అప్పగించి వెళ్లాడు.

సువార్తలు ఆయన తర్వాత ఎన్నేళ్లకు రాశారు? అన్నేళ్లు ఎలా గుర్తున్నాయి?

క్రొత్త నిబంధనలో ముందుగా రాసినవి సువార్తలు కావు, పౌలు పత్రికలు. 1 థెస్సలొనీకయులకు పత్రిక సుమారు క్రీ.శ. 50 నాటిది. ఈ కాలం తేల్చడానికి గ్రీసులోని డెల్ఫీలో దొరికిన ఒక శాసనం తోడ్పడింది. పౌలును విచారించిన అధిపతి గల్లియో కొరింథులో ఎప్పుడున్నాడో దాన్ని బట్టి క్రీ.శ. 51-52 ప్రాంతమని తెలిసింది. సువార్తల్లో మార్కు మొదటిదని, అది 65-70 ప్రాంతంలో వచ్చిందని చాలామంది పండితుల అంచనా. యోహాను సువార్తను మొదటి శతాబ్దం చివరలో పెడతారు.

అంటే మధ్యలో కొన్ని దశాబ్దాలు మాట నోటి మీదే నడిచింది. మొదటి కొరింథీయులు 15వ అధ్యాయంలో పౌలు "నాకియ్యబడిన ఉపదేశమును మొదట మీకు అప్పగించితిని" అని మొదలుపెట్టి, క్రీస్తు చావు, సమాధి, పునరుత్థానం, చూసినవాళ్ల పేర్లు వరసగా చెబుతాడు. పత్రిక 50ల మధ్యలోది, అందులోని ఉపదేశం అంతకంటే పాతది. ఐదు వందల మందికి పైగా ఆయన్ని చూశారు, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారు అని కూడా అంటాడు. వెళ్లి అడగండి అన్నట్టే కదా. చదువు రాని అమ్మమ్మలు వందల కీర్తనలు, శతక పద్యాలు నోటికి చెప్పే నేల మనది. గట్టిగా పట్టుకున్న మాట ముప్పై నలభై ఏళ్లు నిలవదని మనమే అంటే ఎలా?

ఏ పుస్తకాలు ఉండాలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నీకేయ సభలో తేల్చాడటగా?

కాదు. ఈ కథ వాట్సాప్‌లో ఎన్నిసార్లు తిరిగినా నిజమైపోదు. 325లో బిషప్పులు కూడిన నీకేయ సభ క్రీస్తు దైవత్వం గురించి, పస్కా (ఈస్టర్) పండుగ తేదీ గురించి చర్చించింది. గ్రంథాల పట్టిక అక్కడ నిర్ణయం కాలేదు. కాన్‌స్టంటైన్ చేసింది ఏమిటంటే, కొత్త రాజధాని సంఘాల కోసం యాభై బైబిలు ప్రతులు రాయించి పంపమని బిషప్ యూసేబియును అడిగాడు. ప్రతులు రాయించడం వేరు, ఏవి లేఖనాలో తేల్చడం వేరు.

అసలు జరిగింది చాలా నెమ్మదిగా జరిగింది. మొదట్లోనే సంఘాలు పత్రికలను ఒకరికొకరు పంపుకునేవి. కొలొస్సయులు 4:16లో ఈ పత్రిక లవొదికయలో కూడా చదివించండని పౌలే చెప్పాడు. 2 పేతురు 3:16 పౌలు పత్రికలను "తక్కిన లేఖనముల" సరసన పెడుతుంది, వాటిలో కొన్ని అర్థం చేసుకోవడం కష్టమని కూడా ఒప్పుకుంటుంది. రెండో శతాబ్దం మధ్యలో జస్టిన్ అనే రచయిత, ఆదివారం కూడికల్లో అపొస్తలుల జ్ఞాపకాలను, ప్రవక్తల రచనలను సమయం ఉన్నంతసేపు చదువుతారని రాశాడు. అదే కాలంలో మార్సియన్ అనేవాడు పాత నిబంధన మొత్తాన్ని పక్కనపెట్టి లూకాను కత్తిరించి సొంత పట్టిక తయారుచేసుకున్నాడు. సంఘం దాన్ని తిరస్కరించింది. నాలుగు సువార్తలు, పౌలు పత్రికలు రెండో శతాబ్దం చివరికే ప్రధాన సంఘాల్లో స్థిరపడ్డాయి. హెబ్రీయులకు, యాకోబు, 2 పేతురు, 2, 3 యోహాను, యూదా, ప్రకటన గ్రంథాల మీద మాత్రం చర్చ సాగింది. ప్రాచీన సిరియా సంఘాల బైబిల్లో మొదట 22 పుస్తకాలే ఉండేవి. ఇప్పుడు మనం చదివే 27 పేర్లు, అన్నే, అవే, మొదటిసారి కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ పంపిన పస్కా లేఖలో. 397లో కార్తేజి సభ కూడా అదే పట్టికను చెప్పింది.

ఈ సంవత్సరాలకంటే ఒక చిన్న సంఘటన నాకు ఎక్కువ చెబుతుంది. 180లో ఉత్తర ఆఫ్రికాలోని స్కిల్లి నుంచి కొందరు సామాన్య క్రైస్తవులను కార్తేజిలో రోమా అధిపతి ముందు నిలబెట్టారు. మీ పెట్టెలో ఉన్నవి ఏమిటని అధిపతి అడిగాడు. పుస్తకాలు, నీతిమంతుడైన పౌలు పత్రికలు అని స్పెరాతు అనే అతను జవాబు చెప్పాడు. వాళ్లందరికీ మరణశిక్ష పడింది. 303లో డయొక్లేషియన్ చక్రవర్తి లేఖనాలను తగలబెట్టమని ఆజ్ఞ ఇచ్చినప్పుడు ప్రతి సంఘానికీ ఒక ప్రశ్న ఎదురైంది. ఏ పుస్తకం ఇచ్చేస్తే పర్వాలేదు, ఏది ప్రాణం పోయినా ఇవ్వకూడదు? కాన్‌స్టంటైన్ రాకముందే, ఏ సభా కూర్చోకముందే, ఆ తేడా తెలిసినవాళ్లు ఉన్నారు.

కేథలిక్ బైబిల్లో 73 పుస్తకాలెందుకు?

గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ కెథీడ్రల్‌కు వెళ్లే స్నేహితురాలి బైబిలు, మీ బైబిలు పక్కపక్కన పెడితే తేడా పాత నిబంధనలోనే కనిపిస్తుంది. తోబితు, యూదితు, మక్కబీయులు, జ్ఞానగ్రంథం, బారూకు వంటివి అందులో ఉంటాయి. యేసుకు ముందే అలెగ్జాండ్రియాలో మొదలైన గ్రీకు అనువాదంతో పాటు ఇవి సంఘంలోకి వచ్చాయి, యూదుల హెబ్రీ పట్టికలో లేవు. ప్రొటెస్టెంట్ సంస్కర్త లూథర్ 1534 నాటి తన జర్మన్ బైబిల్లో వీటిని తీసేయలేదు. చదవడానికి మంచివి, లేఖనాలతో సమానం కావు అని చెప్పి రెండు నిబంధనల మధ్య విడిగా పెట్టాడు. 1546లో కేథలిక్కుల ట్రెంట్ సభ వీటిని లేఖనాలుగా ప్రకటించింది. క్రొత్త నిబంధనలో మాత్రం ఇద్దరివీ అవే 27 పుస్తకాలు. వీటిని చదవడానికి భయపడాల్సింది ఏమీ లేదు. రెండు నిబంధనల మధ్యకాలంలో యూదులు ఎలా బతికారో తెలియాలంటే మక్కబీయులు తప్పకుండా చదవాలి.

దాచిపెట్టిన సువార్తలు ఉన్నాయంటారు, నిజమా?

ఉన్నాయి, దాచిపెట్టినవి కావు. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదిలో తోమా సువార్త పూర్తి ప్రతి దొరికింది. యూదా సువార్త 2006లో ప్రచురితమైంది. రెండూ ఎవరైనా కొనుక్కుని చదువుకోవచ్చు. చదివితే తెలుస్తుంది, తోమా సువార్తలో సిలువ కథ లేదు, వరసగా సూక్తులు మాత్రమే ఉంటాయి.

తౌరాత్ (మోషే ధర్మశాస్త్రం), ఇంజీల్ (సువార్త) దేవుడివే కానీ మీవాళ్లు మార్చేశారు అని ముస్లిం స్నేహితులు అంటారు. ఏం చెప్పాలి?

ముందుగా, వాళ్లు ఆ గ్రంథాల పేర్లను గౌరవంగా తలచుకుంటున్నారని గుర్తుపెట్టుకోండి. గొంతు పెంచకండి. తర్వాత, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మూల రచయితలు రాసిన ప్రతుల్లో ఒక్కటి కూడా మిగల్లేదు. మనకున్నవి నకళ్లు. క్రొత్త నిబంధనకు గ్రీకులో 5,000కు పైగా చేతిరాత ప్రతులున్నాయి, చాలా వరకు ముక్కలు, కొన్ని పూర్తివి. మాంచెస్టర్‌లోని జాన్ రైలండ్స్ లైబ్రరీలో యోహాను 18వ అధ్యాయం ముక్క ఒకటి ఉంది, అరచేతిలో పట్టేంత. పిలాతు ముందు యేసు నిలబడిన సన్నివేశం రెండు వైపులా ఉంది. చాలామంది దాన్ని రెండో శతాబ్దానిదిగా లెక్కిస్తారు. నాలుగో శతాబ్దపు సినాయి ప్రతిలో క్రొత్త నిబంధన మొత్తం ఉంది. ఇస్లాం ఏడో శతాబ్దంలో వచ్చింది. అంటే ఆ తర్వాత మార్చారు అనే మాట నిలబడదు, అంతకుముందు ప్రతులు మన చేతుల్లో ఉన్నాయి కాబట్టి.

ఆ ప్రతుల మధ్య తేడాలు లేవా? చాలా ఉన్నాయి. ఎక్కువ భాగం అక్షర దోషాలు, మాటల వరస మారడం. పెద్దవి కొన్ని ఉన్నాయి, వాటిని మన విశ్వాసులకు మనమే చెప్పాలని నా అభిప్రాయం. మార్కు 16:9-20 అత్యంత ప్రాచీనమైన రెండు పెద్ద ప్రతుల్లో లేదు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ, పైన నేలమీద రాసినట్టు చెప్పిన ఆ చోటే, పాత ప్రతుల్లో కనిపించదు. 1 యోహాను 5వ అధ్యాయంలో పరలోకంలో సాక్ష్యమిచ్చే ముగ్గురి గురించి కొన్ని బైబిళ్లలో ఉండే వాక్యం తర్వాత చేరినది. ఇవి ఎలా తెలిశాయి? మార్చేసి పాతవాటిని నాశనం చేసే ఒకే అధికారం ఎప్పుడూ లేదు కాబట్టి, వేర్వేరు దేశాల్లో వేర్వేరు నకళ్లు మిగిలాయి కాబట్టి. సి.పి. బ్రౌన్ కడపలో ఒకే కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులన్నీ తెప్పించి, పండితుల చేత పాఠాలు పోల్పించి శుద్ధప్రతి తయారు చేయించాడు. బైబిలు పండితుల పనీ అదే. ప్రతులు ఎన్ని ఎక్కువుంటే తేడాలు అన్ని బయటపడతాయి, సరైన పాఠం అంత గట్టిగా తేలుతుంది.

పాత నిబంధన సంగతి ఇంకా ఆశ్చర్యం. 1947 ప్రాంతంలో మృత సముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహల్లో బెదూయిన్ కాపరులకు జాడీల్లో తోలు చుట్టలు దొరికాయి. అప్పటిదాకా మనకున్న పూర్తి హెబ్రీ ప్రతుల్లో పాతది 1008 నాటిది. కుమ్రాన్‌లో దొరికిన యెషయా చుట్ట క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలోనిది. పొడవు ఏడు మీటర్లకు పైన, 54 నిలువు వరసలు, 66 అధ్యాయాలూ ఉన్నాయి. వెయ్యి సంవత్సరాల ఎడం ఉన్న రెండు ప్రతులను పక్కపక్కన పెట్టి చదివితే అక్షరాల్లో తేడాలు బోలెడు, గ్రంథం మాత్రం అదే యెషయా.

ఆ చుట్టలో 40వ అధ్యాయం దగ్గర ఒక వింత ఉంది. గడ్డి ఎండుతుంది, పువ్వు వాడుతుంది అనే మాట 7, 8 వచనాల్లో రెండుసార్లు వస్తుంది. నకలు రాసినతని కన్ను మొదటిదాని మీంచి రెండోదాని మీదికి దూకింది, మధ్యలోది వదిలేశాడు. తర్వాత ఇంకెవరో, చేతిరాత వేరు, వదిలేసిన మాటలను పంక్తుల మధ్య ఇరికించి, చోటు చాలక అంచు వెంబడి కిందికి రాసుకుంటూ వెళ్లాడు. "మన దేవుని వాక్యము నిత్యము నిలుచును" అనే వచనం దగ్గరే ఇది జరిగింది. ఆ వాక్యం ఎలా నిలుస్తుందో నాకు అక్కడ కనిపిస్తుంది. ఒకడి కన్ను జారితే, ఇంకొకడు పట్టుకున్నాడు.

బైబిల్లో ఒకదానికొకటి పొసగని చోట్లున్నాయి కదా? అప్పుడు దైవావేశం ఎలా?

ఉన్నాయి. యెహోయాకీను రాజయ్యేటప్పటికి పద్దెనిమిదేళ్లని 2 రాజులు 24:8, ఎనిమిదేళ్లని 2 దినవృత్తాంతములు 36:9 చెబుతాయి. రెండోచోట నకలు రాసేటప్పుడు అంకె జారిందనడానికి మంచి ఆధారం ఉంది, కొన్ని ప్రాచీన ప్రతుల్లో అక్కడ కూడా పద్దెనిమిదే ఉంది. సిలువ మీద వేసిన పలక నాలుగు సువార్తల్లో నాలుగు రకాలుగా ఉంది. మార్కులో "యూదుల రాజు" అని మాత్రమే, యోహానులో "యూదులరాజైన నజరేయుడగు యేసు" అని. నాలుగూ ఒకటే చెబుతున్నాయి, ఏ ఒక్కరూ మరొకరి మాట చూసి దిద్దుకోలేదు.

దీని మీద క్రైస్తవుల్లో రెండు అభిప్రాయాలున్నాయి. మూల ప్రతుల్లో చరిత్ర, విజ్ఞానం సహా దేనిలోనూ తప్పు లేదని 1978 నాటి షికాగో ప్రకటన చెబుతుంది, మన నగరంలో చాలా సంఘాలు ఈ మాటనే బోధిస్తాయి. దేవుడు మన రక్షణ కోసం తెలియజేయాలనుకున్న సత్యాన్ని లేఖనాలు తప్పు లేకుండా బోధిస్తాయని 1965లో రెండో వాటికన్ సభ చెప్పింది, ప్రొటెస్టెంట్లలో కూడా చాలామంది దీనికి దగ్గరగానే ఆలోచిస్తారు. నేను ఈ రెండో వైపు ఉన్నాను. మొదటి వైపున్నవాళ్లు నాకంటే వాక్యాన్ని తక్కువ ప్రేమిస్తారని ఎప్పుడూ అనుకోలేదు. ఒక్కటి మాత్రం వద్దంటాను. పొసగని చోటును బలవంతంగా పొసగించి, వచనం చెప్పని కథ అల్లి పిల్లలకు చెప్పకండి. వాళ్లు పెద్దయ్యాక ఇంటర్నెట్‌లో చూసి మోసపోయామనుకుంటారు.

137వ కీర్తనలో పసిపిల్లలను బండకేసి కొట్టేవాడు ధన్యుడని ఉంది. అది కూడా దేవుని మాటేనా?

అది దేవుడి ముందు మనిషి పెట్టిన కేక. యెరూషలేము కాలిపోయి, పిల్లలు కళ్లముందే చచ్చిపోయి, బబులోను నదుల దగ్గర కూర్చున్నవాళ్ల నోట వచ్చింది. అలా చేయమని దేవుడు ఆజ్ఞ ఇవ్వలేదు. ఆ కేకను లేఖనంలో ఉంచడానికి మాత్రం ఆయన వెనకాడలేదు. దీన్ని ఆరాధనలో పాడమని నేననను. కళ్లముందే పిల్లలను చంపుకున్నవాళ్ల పక్కన కూర్చోవాల్సి వచ్చిన రోజున ఈ కీర్తన బైబిల్లో ఎందుకు ఉందో అర్థమవుతుంది.

దైవావేశం ఉందని రుజువు చేయగలరా?

చరిత్రతో చేయలేను. తవ్వకాలు, ప్రతులు, శాసనాలు ఈ గ్రంథం ఎంత పాతదో, ఎంత నమ్మకంగా మనదాకా వచ్చిందో చూపిస్తాయి. దీన్ని పలికించినవాడు దేవుడు అనేది చూపించడానికి పార చాలదు. లేఖనం దేవుని నోట వచ్చిందని మనసుకు తెలియాలంటే పరిశుద్ధాత్ముడే లోపల సాక్ష్యమివ్వాలని 16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ అన్నాడు. నేను చూసినంతలో అది నిజం. మనుషులు వాదన ఓడిపోయి నమ్మడం నేను చూడలేదు. గాంధీ ఆసుపత్రి వార్డులో యోహాను 14 చదువుతుంటే, చెప్పకుండానే ఏడ్చి, మళ్లీ చదవమన్నవాళ్లను చూశాను.

తెలుగు బైబిలు కూడా దైవావేశమేనా?

దైవావేశం మూల రచనలది. అనువాదం దాన్ని ఎంత నమ్మకంగా మోస్తే అంతవరకు మనకు దేవుని వాక్యమే. కాబట్టి పాత అనువాదమే పవిత్రమని, వాడుక తెలుగులో వచ్చినవాటిని చూసి ముఖం చిట్లించడం సరికాదు. క్రొత్త నిబంధన గ్రీకు పండితుల గ్రాంథికం కాదు. ఈజిప్టులోని ఆక్సిరింకస్ చెత్తదిబ్బల్లో 1890ల నుంచి తవ్వి తీసిన రసీదులు, ఇంటి ఉత్తరాలు, కౌలు పత్రాలు ఉన్న మామూలు గ్రీకుకు అది దగ్గర. అయినా పాత అనువాదంలో కీర్తనలు బిగ్గరగా చదివినప్పుడు వచ్చే నడక వేరే దేనిలోనూ నాకు దొరకలేదు, రెండూ ఇంట్లో ఉంచుకోమంటాను.

మన భాషలోకి ఇది తేలిగ్గా రాలేదు. 1720లు, 30లలోనే జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగులోకి అనువదించాడు, అచ్చు కాలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్‌లు పని మొదలుపెట్టారు. వాళ్లకు తెలుగు వాక్యం కూర్చిపెట్టిన తోడు ఆనందరాయర్, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రీస్తును నమ్మినవాడు. కొద్ది ఏళ్లకే మిషనరీలిద్దరూ చనిపోయారు. వాళ్ల సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో 1812లో అచ్చయ్యాయి. అదే ఏడాది మార్చిలో అక్కడి అచ్చుకూటం కాలిపోయి, ఎన్నో భాషల అచ్చులు, అక్కడి మిషనరీ విలియం కేరీ రాతప్రతులు బూడిదయ్యాయి. కేరీ మళ్లీ మొదలుపెట్టాడు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన వచ్చింది. తెర్తియు పేరు రోమా పత్రికలో ఉన్నట్టు ఆనందరాయర్ పేరు కూడా మన సండే స్కూళ్లలో చెప్పాలి.

ఆ పాత ప్రతులను హైదరాబాద్‌లో కూర్చుని చూడొచ్చా?

చూడొచ్చు. యెషయా చుట్ట మొత్తం ఇజ్రాయెల్ మ్యూజియం వాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టారు, 40వ అధ్యాయం దగ్గర పెద్దది చేసి చూస్తే అంచున కిందికి జారిన ఆ రాత స్పష్టంగా కనిపిస్తుంది. సినాయి ప్రతి పుటలు కూడా ఉచితంగా ఉన్నాయి. తెలుగు అనువాదాలు పోల్చుకోవాలంటే సికింద్రాబాద్ బైబిల్ హౌస్‌కు వెళ్లండి. పాత ముద్రణలు కావాలంటే అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల్లో వెతకండి, ఓపిక ఉంటే దొరుకుతాయి.